ఎర్రగుడ్డ కట్టిన బీరకాయ

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా ఉద్యాన అధికారిగా పోస్టింగ్ వచ్చిందట, అదీ మక్తల్ వైపే. "మేడం, మీరు అక్కడ చాలా ఏళ్లు పనిచేశారు కదా, జాయిన్ అయ్యేలోపు ఏం చదువుకోమంటారు?" అని అడిగింది. ఒక గొడుగు, ఒక పెద్ద నీళ్ల సీసా, తలకు చుట్టుకోవడానికి ఒక తువ్వాలు కొనుక్కోమన్నాను. నవ్వింది. నేను నవ్వలేదు. ఏప్రిల్లో పదకొండు గంటలకు స్కూటీ సీటు మీద కూర్చున్నప్పుడు తనకే తెలుస్తుంది.

ఫోన్ పెట్టేశాక మనసు ఊరుకోలేదు. పాపం, మర్యాదగా అడిగిన పిల్లకు ఇంకొంచెం చెప్పి ఉండాల్సింది. అందుకని కూర్చుని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి, ఫైళ్ల గురించి రాయను. రాసినా ఎవరూ చదవరు, మా ఇంట్లోనే చదవరు. నేను ఎక్కడెక్కడ తప్పు చేశానో రాస్తాను. అవి నాకు బాగా గుర్తున్నాయి. ఊళ్లో వాళ్లకు ఇంకా బాగా గుర్తున్నాయి.

పని అంటే ఏమిటి

రాష్ట్రం వచ్చిన కొత్తలో నన్ను పాలమూరు జిల్లాకు వేశారు. మామిడి తోటలు, బత్తాయి తోటలు, డ్రిప్పు పైపులు ఇవన్నీ నా పనే గానీ, వాటితోపాటు పెరటి తోటల పని కూడా నా నెత్తిన పడింది. ఎండాకాలంలో ప్రతి ఇంటి వెనకా నాలుగు రకాల కూరగాయలు, నాలుగు రకాల పూలు పెరగాలి. బెండ, బీర, కాకర, గోరుచిక్కుడు, తోటకూర, అంచుల వెంట బంతి, కనకాంబరం. దానికోసం విత్తనాల పాకెట్లు పంచాలి, ఎలా పెంచాలో చెప్పాలి.

కాగితం మీద ఇది చాలా అందంగా ఉంటుంది. నేల మీద ఎర్రమట్టి ఉంటుంది, అదీ జానెడు లోతు. దాని కింద రాయిలా గట్టి మొరం. పైన ఎండ. నల్లాలో నీళ్లు వచ్చేది ఒక పూట, అది ఏ పూటో ఎవరికీ తెలియదు.

అయినా చెబుతున్నాను, ఈ పనిలో కష్టం మొక్కలతో కాదు. మొక్క నోరు మూసుకుని ఎండిపోతుంది. మనిషి అలా కాదు, అది ఎందుకు ఎండిపోయిందో మనకే వివరిస్తాడు. తప్పు విత్తనానిది, పక్కింటి వాళ్ల దిష్టిది, నిన్న వచ్చి చూసిపోయిన మేడంది. నీళ్లు పోయని వాళ్ల పెరళ్లు చాలానే చూశాను. కానీ నీళ్లు మరీ ఎక్కువ పోసి, ఎరువు మరీ ఎక్కువ వేసి, ప్రేమతో చంపేసిన పెరళ్లు అంతకు రెండింతలు చూశాను.

హెడ్మాస్టరు గారి మల్లెలు

ఆ ప్రేమకు ఒక్క ఉదాహరణ చెబుతాను. మహబూబ్‌నగర్‌లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఇంటి ముందు పన్నెండు మల్లె పొదలు పెట్టారు. మూడేళ్లయినా ఒక్క పువ్వు లేదు. ఆకులు మాత్రం గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాయి. ఆయన భార్య రోజూ ఆ పొదల పక్కనుంచే నడిచి వెళ్లి, బస్టాండు దగ్గర మల్లెపూలు మూర కొనుక్కుని వచ్చేది. ఆ ఇంట్లో మాటల్లేకుండా పెద్ద యుద్ధమే జరుగుతోంది.

నేను వెళ్లి చూసి, "సార్, మల్లె ఎండాకాలం పూయాలంటే చలికాలంలో నీళ్లు ఆపాలి, ఆకు దూసెయ్యాలి, కొమ్మలు కత్తిరించాలి" అన్నాను.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "అమ్మా, ముప్పయ్యేళ్లు బడిల పనిచేసిన. ఒక్క పిల్లగాణ్ణి కొట్టలే. గీ ముసలితనంల మొక్కలను కొట్టుమంటవా?"

ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆయన పెన్షన్ పని మీద హైదరాబాదు వెళ్లిన రోజు ఆయన భార్యే నాకు ఫోన్ చేసింది. నేనూ ఆమే కలిసి సాయంత్రంలోపు పన్నెండు పొదలనూ పుల్లలు చేసి పెట్టాం. ఆమె కత్తెర పట్టిన తీరు చూస్తే మూడేళ్ల కోపం అందులోనే ఉందని తెలిసిపోయింది. హెడ్మాస్టరు గారు తిరిగొచ్చి నా మీద ఆఫీసుకు రెండు పేజీల ఫిర్యాదు రాశారు. మార్చిలో పొదలు తెల్లగా విరబూశాయి. అప్పుడు ఇంకో ఉత్తరం రాశారు, అధికారిణి చేసిన గాయాలను తట్టుకుని కూడా మొక్కలు పూశాయని. రెండు ఉత్తరాలూ నా దగ్గర ఉన్నాయి. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, అప్పుడు నాకు ధైర్యం బాగానే ఉండేది. తప్పని తెలిస్తే హెడ్మాస్టరుకైనా ఎదురు చెప్పేదాన్ని. పై అధికారి ముందు మాత్రం ఆ ధైర్యం ఎక్కడికి పోతుందో మీరే చూడండి.

బాలమణి పందిరి

మక్తల్ దగ్గర ఒక ఊరు. పేరు చెప్పను, ఇప్పటికే ఆ ఊళ్లో నా గురించి చాలా చెప్పుకున్నారు. అక్కడ బాలమణి అని ఒక ఆమె. వాళ్లది గొర్ల మంద. ఎండాకాలం వస్తే భర్త గొర్లను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్లిపోతాడు, వానలు పడ్డాకే వస్తాడు. ఇంటి దగ్గర ఆమె, అత్త, ఇంటి వెనక ముప్ఫై నలభై గజాల జాగా.

ఆ జాగాలో ఆమె పెంచే బీర నేను ఎక్కడా చూడలేదు. పొట్టిగా, లావుగా, పైన నిలువు అంచులు మొద్దుగా ఉంటుంది. మే నెలలో ఊరంతా తీగలు చుట్టుకుపోతుంటే అది కాస్తూనే ఉంటుంది. "ఇది మా అవ్వ బీర. తల్లిగారింటికెల్లి నేనొచ్చేటప్పుడు కొంగుల కట్టుకొచ్చిన" అంది. బోళ్లు తోమిన నీళ్లు తప్ప దానికి ఆమె ఇంకేమీ పోయదు. ఏటా రెండు కాయలు కోయకుండా తీగ మీదే వదిలేసి, ఎవరూ తెంపకుండా గుర్తుకు వాటికి ఎర్రగుడ్డ పీలిక కడుతుంది. అవి ఎండాక గింజలు తీసి బూడిదలో కలిపి డబ్బాలో దాస్తుంది. ఒకప్పుడు ఆ వైపు చాలా ఇళ్లలో ఇదే పద్ధతి.

మా పెద్దసారు అప్పుడే కొత్తగా వచ్చారు. మంచి మనిషే. అయితే ఆఫీసు గదిలోనే సర్వీసంతా గడిచింది, తీగ మీద ఉండగా కాకరను, బీరను వేరుచేసి చెప్పలేరు. ఆయనకు ఫోటోలంటే ప్రాణం. మే నెలలో ఒక మోడల్ పెరడు చూపించండి, నేనే వచ్చి ప్రారంభిస్తాను, పచ్చగా నిండుగా కనపడాలి అన్నారు.

నాకు బాలమణి పెరడు గుర్తొచ్చింది. జనవరిలోనే వెళ్లి, "ఈసారి గింజలు దాచుకోకు. ఉన్నవన్నీ వెయ్యి. పందిరి మొత్తం నిండాలి" అన్నాను.

"అన్నీ వేస్తే ఎట్ల మేడం? ఏమన్నయితే?"

"ఏమవుతుంది? నేను లేనా?" అన్నాను. నేనున్నాననే ధీమాతోనే ఆ పిచ్చిది డబ్బా ఖాళీ చేసింది. ఇది నా మొదటి తప్పు. ఇంకా రెండున్నాయి, ఓపిక పట్టండి.

ప్రారంభోత్సవం

పెద్దసారు పదింటికి వస్తానని పన్నెండున్నరకు వచ్చారు. వెంట నాలుగు కార్లు, ఒక ఫోటోగ్రాఫరు. ఊరి జనం అరుగుల మీద కూర్చుని చూస్తున్నారు. పందిరి నిజంగా నిండిపోయింది. కింద బంతిపూలు కూడా బాగా వచ్చాయి.

సారు పందిరి కిందికి వచ్చి తల ఎత్తారు. ఎదురుగా ఎర్రగుడ్డ కట్టిన బీరకాయ వేలాడుతోంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఓహో! రిబ్బను కూడా కట్టారే! కత్తెర ఏది?"

ఎవరో కత్తెర అందించారు. బాలమణి "సారూ, సారూ" అంటూ ముందుకు వచ్చేలోపే సారు గుడ్డ కత్తిరించి, కాయ తెంపి, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. ఫోటోగ్రాఫరు నాలుగు ఫోటోలు తీశాడు. జనం చప్పట్లు కొట్టారు, ఎందుకు కొడుతున్నారో వాళ్లకూ తెలియదు. బాలమణి అత్త మాత్రం అరుగు మీద నుంచి గట్టిగానే అంది, "ఇత్తనాల కాయ తెంపిండు, ఏం సారో ఏందో."

నేను వినపడనట్టు నిలబడ్డాను. ఇంకొక ఎర్రగుడ్డ కాయ పందిరి చివర ఆకుల్లో ఉంది. అది సారుకు కనపడకపోవడం అదృష్టం అనుకున్నాను.

అప్పుడాయన ఆకుల వైపు చూశారు. మిట్టమధ్యాహ్నం. తీగ ఆకులన్నీ వేలాడిపోయి ఉన్నాయి. "ఏమిటమ్మా ఇది, ఎండిపోతున్నాయి! ఫోటోలో ఇలాగే పడతాయా? నీళ్లు పెట్టించండి."

ఇక్కడ ఒక సంగతి మీరు తెలుసుకోవాలి. మిట్టమధ్యాహ్నం బీర, సొర, గుమ్మడి ఆకులు వాలడం జబ్బు కాదు. లోపలి తడి పోకుండా కాపాడుకునేందుకు వాల్చుకుంటాయి. ఎండ చల్లబడితే వాటంతటవే లేస్తాయి. ఇది కాలేజీలో చదివాను. పరీక్షలో రాశాను. మార్కులు కూడా వచ్చాయి.

బాలమణి ఏ కాలేజీలోనూ చదవలేదు. "వద్దు సారూ, జర సల్లవడ్డంక అవే లేస్తయి" అంది.

సారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, నిజమేనా?"

నాకు తెలుసు. తెలిసి కూడా, "నీళ్లు పెడితే మంచిదే సార్" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నాలుగు కార్లు, అంతమంది జనం, ఆయన మొహం మీద చెమట. "కాదు సార్" అనే రెండు మాటలు నోటి దాకా రాలేదు. సిగ్గుగానే ఉంది రాయడానికి.

ట్యాంకరు వచ్చింది. పొద్దుటి నుంచీ ఎండలో నిలబడిన ట్యాంకరు. దాని పైపులోంచి వచ్చిన నీళ్లతో చాయ్ పెట్టుకోవచ్చు. ఆ నీళ్లు పందిరి మొదళ్లలో నిండాయి, కింద మొరం కదా, దిగలేదు, సాయంత్రం దాకా అలాగే నిలిచాయి. సారు మజ్జిగ తాగి, సంతోషంగా వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఆకులు లేవలేదు. నాలుగో రోజుకు తీగలన్నీ మొదళ్ల దగ్గర మెత్తబడి చచ్చిపోయాయి. పందిరి చివరి ఎర్రగుడ్డ కాయ లేతగా ఉండగానే వాడిపోయింది. కోసి చూస్తే లోపల గింజలు తెల్లగా, నీళ్లలా ఉన్నాయి.

బాలమణి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఖాళీ డబ్బా నా ముందు పెట్టి, "మా అవ్వ బీర పోయింది మేడం" అంది. నేను స్కూటీ మీద మక్తల్ దాకా ఏడుస్తూ వచ్చాను.

స్నానానికి అడ్డం

ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అనుకున్నాను. బాలమణిని స్కూటీ ఎక్కించుకుని కర్ణాటక సరిహద్దులో ఉన్న వాళ్ల తల్లిగారి ఊరికి బయలుదేరాను. ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ బీర ఉంది. పొడుగ్గా, నున్నగా, అన్నీ ఒక్క తీరు. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. "పాత బీరనా? ఎప్పుడో ఇడిచిపెట్టినం మేడం. మీ ఆఫీసుకెల్లి పాకెట్లు ఇచ్చిన్రు కద, గవే వేస్తున్నం."

ఆ పాకెట్లు పంచింది నేనే. ఆ ఊరికి నూరు శాతం పంచినందుకు మీటింగులో నాకు చప్పట్లు కూడా కొట్టారు. బాలమణి వెనక సీటు మీద కూర్చునేసరికి స్కూటీ బరువెక్కినట్టు అనిపించింది.

చివరికి ఆమె మేనమామ అంజప్ప ఇంటికి వెళ్లాం. వయసు డెబ్బై దాటిన మనిషి. వాకిట్లో తువ్వాలు కట్టుకుని, బకెట్టు ముందు పెట్టుకుని, స్నానానికి సిద్ధంగా ఉన్నాడు. ఒంటికి సబ్బు సగం పెట్టేశాడు. చేతిలో వీపు రుద్దుకోవడానికి ఎండు బీరకాయ, అప్పుడే చూరు నుంచి తీసింది. పొట్టిగా, లావుగా ఉంది.

బాలమణి నన్ను గిల్లింది. నేను వీధి వైపు తిరిగి నిలబడి, "తాతా, ఆగు! దాన్ని తడపకు!" అని అరిచాను.

"ఎవరు గామె?" అన్నాడు ఆయన.

"ఆఫీసరు మామా" అంది బాలమణి. "గా బీరకాయ గావాల్నంట."

"వీపు రుద్దుకునేదానికి గూడ గవర్నమెంటు అడ్డం వస్తదా? నా ఇంట్ల నేను తానం జేసుకోవద్దా?"

"తాతా, లోపల గింజలుంటాయి, చూడాలి" అన్నాను, గోడకు చెబుతున్నట్టు.

"గింజలు ఎప్పుడో రాలిపోయినయి. ఎలుకలు తిన్నయి. నాకు సబ్బు ఆరిపోతాంది, జర తొందరగ చెప్పుర్రి."

నా సంచిలో కొత్త ప్లాస్టిక్ బ్రష్షు ఒకటి ఉంది, స్కూటీ కడగడానికి మక్తల్‌లో కొన్నది. అది భుజం మీదుగా వెనక్కి చాపాను. ఆయన తీసుకుని చూసి, వీపు మీద ఒకసారి గీసి చూసుకుని, "మంచిగనే ఉన్నది" అని బీరకాయ ఇచ్చేశాడు. నా సర్వీసులో జరిగిన అన్ని బేరాల్లోకీ అదే లాభసాటి బేరం.

అరుగు మీద కూర్చుని బాలమణి పీచును పోగు పోగుగా విప్పింది. లోపల చిక్కుకుని ఏడు గింజలు దొరికాయి, నల్లగా, గట్టిగా. కొంగున కట్టుకుంది. దారిలో నేను రెండుసార్లు బండి ఆపి, ఉన్నాయా అని అడిగాను.

పొట్టేలు పాఠం

మళ్లీ చలికాలం పోయేదాకా బాలమణి ఆగింది. జనవరి చివర గింజలు తీసి, "అన్నీ వెయ్యాల్నా మేడం?" అని నా మొహంలోకి చూసింది. "నాలుగు చాలు" అన్నాను. మూడు మొలిచాయి. ఒకటి కోడి తినేసింది. రెండు తీగలు మిగిలాయి.

అప్పుడు నాకు కొత్త భయం పట్టుకుంది. చుట్టుపక్కల ఇళ్లన్నింటిలో నేను పంచిన బీరే. దాని పుప్పొడి తేనెటీగలు మోసుకొచ్చి ఈ పువ్వుల మీద వేస్తే కాయ చూడ్డానికి బాగానే ఉంటుంది, గింజ మాత్రం మారిపోతుంది. ఈ సంగతి బాలమణికి చెప్పాను. కాగితం మీద బొమ్మ వేసి చూపించాను. మగపువ్వు, ఆడపువ్వు, బాణం గుర్తులు.

"పక్కింటి పువ్వుకు మా పువ్వుతోటి ఏం పని మేడం?" అంది.

మళ్లీ బొమ్మ వేశాను. మళ్లీ అదే ప్రశ్న. పదిహేనేళ్లుగా ఎన్ని ఊళ్లలో ఆ బొమ్మ వేశానో, ఎవరికీ ఎక్కలేదు. విసుగొచ్చి కాగితం పక్కన పడేసి, "మీ మందలోకి వేరే మంద పొట్టేలు దూరితే ఊరుకుంటారా?" అన్నాను.

"ఎట్ల ఊరుకుంటం! పిల్లలు ఏ తీరు పుడ్తయో ఏమో!" అని, పక్కన పడిన కాగితం వైపు చూసి, "గట్ల జెప్పు మరి, గా బొమ్మలన్ని ఎందుకు?" అంది.

ఆ రోజు నుంచి బొమ్మలు మానేశాను. గొర్ల ఊళ్లో పొట్టేలు, బర్ల ఊళ్లో దున్నపోతు. మీరూ అలాగే చేయండి.

బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అందుకని ఎండ ఉండగానే ఆడమొగ్గలకు, మగమొగ్గలకు దారం కట్టాలి, ఈగ దూరకుండా. విచ్చుకునే వేళకు మగపువ్వు తెంపి, ఆడపువ్వుకు తాకించి, మళ్లీ దారం కట్టాలి. మొదటి వారం రోజూ ఆఫీసు అయ్యాక నేనే వెళ్లి చేశాను. ఊరంతా అరుగుల మీద చేరి చూసేది. "మేడం బీరపూలకు లగ్గాలు చేస్తున్నది" అని ఒకామె. "కట్నం ఏమన్న ఉన్నదా మేడం?" అని ఇంకొకామె. రెండో వారానికి బాలమణి నాకంటే చక్కగా కట్టడం మొదలుపెట్టింది. నా కట్లు విప్పి మళ్లీ కట్టేది కూడా.

మొత్తం పదకొండు కాయలు నిలిచాయి. అన్నింటికీ ఎర్రగుడ్డలు కట్టింది. ఆ ఏడు ఒక్కటీ కోయలేదు. నేను కూడా అడగలేదు.

డబ్బా మూత

పోయినేడాది రిటైరయ్యాను. శాలువా కప్పారు, పూలదండ వేశారు, నా గురించి నాకే తెలియని మంచి మాటలు చాలా చెప్పారు. మహబూబ్‌నగర్‌లో ఇంటి వెనక కొంచెం జాగా ఉంది. అందులో అవ్వ బీర వేసుకోవాలని మనసు. గింజలు అడుగుదామని బాలమణి దగ్గరికి వెళ్లాను.

ఇప్పుడు ఆ బీర ఆ ఊళ్లో చాలా ఇళ్లలో ఉంది. మా ఆఫీసు వాళ్లు పాకెట్లలో వేసి పంచుతామని అడిగితే బాలమణి ఒప్పుకోలేదట. కావలసిన వాళ్లు ఇంటికి రావాలి, కూర్చోవాలి, అడగాలి. అడిగితే ఇస్తుంది. ఊరికే ఇవ్వదు, పరీక్ష పెట్టి ఇస్తుంది. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

నాకు చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. డబ్బా ఒళ్లో ఉంది.

"మద్యాన్నం ఆకులు వాలితే ఏం జేస్తవ్ మేడం?"

"ఏమీ చెయ్యను."

"నీళ్లు?"

"పొద్దుగూకాక. అదీ మట్టి ముట్టి చూసి."

"పెద్దసారు వచ్చి ఇప్పుడే పొయ్యమంటే?"

నేను నవ్వాను. "నాకిప్పుడు ఏ పెద్దసారు లేడు బాలమణీ. రిటైరయ్యాను కదా."

ఆమె నవ్వలేదు. "గది గాదు మేడం. ఉంటే ఏం జేస్తవ్?"

చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"వద్దంటాను" అన్నాను. "ఆయన ముందే."

బాలమణి నా మొహంలోకి చూసింది. తర్వాత మూత తీసి, బూడిదలో వేలు పెట్టి వెతికి, రెండంటే రెండు గింజలు నా అరచేతిలో పెట్టింది.

"గివి మొలిచినంక మల్ల రా" అంది. "అప్పుడు చూద్దాం."